పాతది పీకాలి, కొత్తది పెట్టాలి

ఆ శనివారం పొద్దున పళ్ళ డాక్టరు కాఫీ తాగుతూ వేసుకున్న పథకంలో వంక పెట్టడానికి ఏమీ లేదు. భార్య తన ఆఫీసుకు వెళ్ళగానే క్లినిక్ వెనక గదిలో దాచిన పెట్టె విప్పాలి. కంప్యూటరులోంచి పాత గ్రాఫిక్స్ కార్డు పీకేసి కొత్తది పెట్టాలి. మధ్యమధ్య వచ్చే పేషెంట్లను చూసుకోవాలి. సాయంత్రం ఐదింటికల్లా తలకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూతురి ముందు మొనగాడిలా నిలబడాలి.

కూతురు వేరే ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. మామూలుగా ఫోన్ చేస్తే "ఆఁ, తిన్నాను, బాగానే ఉన్నాను" తప్ప నోట్లోంచి మాట పెగలని పిల్ల, వారానికొకసారి తండ్రితో కలిసి కంప్యూటర్లో ఆడేటప్పుడు మాత్రం గలగలా మాట్లాడేది. ఆ ఆటలో ఐదుగురు ఒక జట్టు. ఎదుటివాళ్ళ కోటలోకి దూరి జెండా లాక్కురావాలి, తమ జెండాను కాపాడుకోవాలి. ఆటలో కూతురి పేరు సుడిగాలి. తండ్రికి ఆ పిల్లే పెట్టిన పేరు పిప్పిపన్ను. జెండా ఉన్న గది తలుపు దగ్గర తుపాకీ పట్టుకుని కాపలా కాయడం పిప్పిపన్ను ఉద్యోగం. ఆ కాపలా కాస్తూనే కూతురి పరీక్షల సంగతి, స్నేహితురాలితో తగాదా సంగతి, ఇంట్లో చెప్పకుండా దాచిన జ్వరం సంగతి అన్నీ అతను రాబట్టాడు.

అయితే రెండు నెలలుగా పిప్పిపన్ను పని ఏమీ బాగాలేదు. శత్రువు తలుపు దగ్గరికి వచ్చాడని డాక్టరు గమనించేసరికి తను చచ్చిపడి ఉండేవాడు. తెరమీద బొమ్మ ఉన్నచోటే నిలబడిపోయి, హఠాత్తుగా ఒక్క గెంతు గెంతేది. ఆ గెంతులోనే ప్రాణం పోయేది. కిందటి వారం కూతురు ఎలా చెప్పాలో తెలియక నసిగింది.

"నాన్నా, ఏమీ అనుకోకు. మేమంతా ఒక పోటీలో చేరుతున్నాం. నువ్వేమో ఈ మధ్య ప్రతిదీ ఒక్క క్షణం ఆలస్యంగా చూస్తున్నావ్. మా క్లాసులో ఒకబ్బాయి ఉన్నాడు, బాగా ఆడతాడు. శనివారం నువ్వొకసారి ఆడు. తర్వాత చూద్దాం."

"చూద్దాం" అన్న మాటకు అర్థమేమిటో డాక్టరుకి ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. పీకేయాలని నిశ్చయించుకున్న పళ్ళ గురించి పేషెంట్లతో తను అనే మాట అదే.

తప్పు తన కళ్ళదీ చేతులదీ అయి ఉంటుందని అతను ఒప్పుకోలేదు. తప్పు కార్డుది. తన దగ్గరున్న తెర మంచిది, సెకనుకు నూట నలభై నాలుగు బొమ్మలు, అంటే ఫ్రేములు, చూపించగలది. ఆ వేగానికి తగ్గట్టు బొమ్మలు గీసి అందించాల్సింది కార్డు. పాతది ముసలిదైపోయి చేతులెత్తేసింది, అంతే. ఈ నిర్ణయానికి వచ్చాక డాక్టరు వారమంతా పేషెంటుకీ పేషెంటుకీ మధ్య కార్డుల గురించి చదివాడు. ఒక కార్డు మహా వేగం, కానీ మెమొరీ తక్కువ. ఇంకోదానికి మెమొరీ దండిగా ఉంది, కానీ కుంపటిలా వేడెక్కుతుంది. మూడోదాన్ని ఒకాయన ఆకాశానికెత్తాడు, దాని కిందే ఇంకొకాయన దాన్ని కొన్నవాడికి బుద్ధి లేదన్నాడు. పొడుగు గీతలూ పొట్టి గీతలూ ఉన్న పటాలు చూసీ చూసీ, ఒకరోజు ఎక్స్‌రే చూస్తూ "ఫ్రేములు పడిపోతున్నాయి" అని పైకే అనేశాడు. ఆ పేషెంటు ఆ పదం ఏ జబ్బు పేరో అడగడానికి ధైర్యం చాలక తలూపి వెళ్ళిపోయాడు.

చివరికి కంప్యూటర్ షాపతను తేల్చేశాడు. "సార్, మీది నూట నలభై నాలుగు హెర్ట్జ్ తెర. దానికి చిన్న కార్డు పెట్టడమంటే ఇంత పళ్ళెం వేసి చెంచాడు వడ్డించడమే. పెద్దది తీసుకోండి, పదికాలాలు ఉంటుంది." డాక్టరు షాపులో ఉన్నవాటిల్లోకెల్లా పెద్దది తీసుకున్నాడు. అది తన కంప్యూటర్ పెట్టెలో పడుతుందా లేదా అని అతనూ అడగలేదు, షాపతనూ చెప్పలేదు.

భార్యకు మాత్రం ఈ సంగతి తెలియదు. ఆవిడ లాయరు. ఇంట్లో చీపురు కొత్తది కొనాలన్నా పాతదాని నేరం రుజువు కావాలంటుంది. కంప్యూటర్ ఫ్యాను రొద పడలేక దాన్ని ఇంట్లోంచి క్లినిక్ వెనక గదికి బహిష్కరించిందీ ఆవిడే. అందుకని ముందు కార్డు పెట్టేసి, ఆట గెలిచి, తర్వాత నెమ్మదిగా చెబుదామని డాక్టరు అనుకున్నాడు.

పొద్దున వచ్చిన మొదటి పేషెంటు రైల్వే స్టేషన్లో అనౌన్సరు. ఊరికి కొత్తగా బదిలీ అయి వచ్చిన మనిషి. మనిషి కొత్తేగానీ ఆయన గొంతు ఊరందరికీ పరిచయమే. నిండైన గొంతు. ఆ గొంతు ఆలస్యమని చెబితే జనం గొణగకుండా మళ్ళీ బెంచీ మీద కూర్చుంటారు, వస్తోందని చెబితే ఇంకా కనపడని రైలు కోసం సామాన్లెత్తుకుంటారు. ఆయన కింది దవడలో ఒక పంటికి చిన్న గుంట పడింది. శుభ్రం చేసి సిమెంటు నింపితే సరిపోతుంది.

"చిన్న పని. ఇంజెక్షన్ ఇస్తాను, దవడ మొద్దుబారేదాకా హాయిగా కళ్ళు మూసుకుని కూర్చోండి. నేను ఇప్పుడే వస్తాను" అని చెప్పి, డాక్టరు ఇంజెక్షన్ ఇచ్చి, గబగబా వెనక గదిలోకి నడిచాడు. తలుపు వేశాననే అనుకున్నాడు. అది జానెడు తెరిచే ఉండిపోయింది.

కంప్యూటర్ పెట్టె పక్క రేకు అప్పటికే విప్పి పెట్టాడు. పాత కార్డు స్క్రూలు తీసి, రెండు చేతులా పట్టుకుని ఊపి పైకి లాగాడు. ఇన్నేళ్ళ అనుభవం ఊరికే పోలేదు, కార్డు చక్కగా ఊడి వచ్చింది. కొత్తదాన్ని తీసి గాడిలో పెట్టబోతే అవతలి చివర పెట్టె ముందు భాగానికి కొట్టుకుని ఆగిపోయింది. తిప్పి చూశాడు. వంచి చూశాడు. ఊహూఁ. రెండు చేతులూ కార్డుకే సరిపోవడంతో ఫోన్ బల్ల మీద పెట్టి, స్పీకర్ నొక్కి, షాపతన్ని పిలిచాడు.

"చెప్పండి సార్, పాతది పీకేశారా?" అంది ఫోను, గది దాటి వినిపించేంత గట్టిగా.

"పీకేశానండీ. కొంచెం ఊపితే వచ్చేసింది. కొత్తదే కూర్చోవడం లేదు. పొడుగెక్కువైంది."

"ఎంత ఎక్కువ?"

"వేలెడు."

"అయితే ముందున్నవి తీసేయండి సార్."

"ముందున్నవి బాగానే ఉన్నాయి కదండీ. వాటిని ఎందుకు?"

"బాగున్నా అడ్డమే కదా. అసలు ఈ కాలంలో అవి ఎవరు వాడుతున్నారు?"

హార్డ్ డిస్కులు పెట్టుకునే ఇనప గూళ్ళ గురించి వాళ్ళు మాట్లాడుకుంటున్నారు. ఇవతల గదిలో కుర్చీలో కళ్ళు మూసుకున్న అనౌన్సరుకి ఆ ముక్క తెలియదు. ఆయన కళ్ళు తెరిచి, నాలుకతో ముందు పళ్ళు తడుముకుందామనుకున్నాడట. నాలుక ఎక్కడుందో తెలియలేదట. ఇవన్నీ డాక్టరుకి ఆ తర్వాత, ఆయన నోటి వెంటే తెలిశాయి.

"అవి స్క్రూలకు ఊడేవి కావండీ, అతికించేసి ఉన్నాయి" అన్నాడు డాక్టరు.

"అయితే కోసేయండి. రంపమైతే శుభ్రంగా తెగుతుంది. మిగిలిన అంచులు సుత్తితో నాలుగు దెబ్బలేస్తే అణిగిపోతాయి."

"ఏమీ కాదుగా?"

"నేను బోలెడు మందికి చేశాను సార్. ఒక్కరూ తిరిగి రాలేదు!" అన్నాడు షాపతను గర్వంగా. "అన్నట్టు, పవర్ చాలదు మీకు. ఏడొందల యాభై వాట్లు ఇవ్వాలి. లేకపోతే స్విచ్ వేయగానే ఢాం అంటుంది."

"వేడెక్కుతుందా?"

"ఎనభై డిగ్రీల దాకా పోతుంది. కంగారు పడొద్దు, తట్టుకుంటుంది."

డాక్టరు తలుపులోంచి తల బయటపెట్టకుండానే కేకేశాడు. "నర్సమ్మా! ఒక రంపం, సుత్తి పట్రా!"

నర్సమ్మ క్లినిక్ తెరిచిన నాటి నుంచీ ఉన్న మనిషి. చెప్పిన పని ఎందుకూ అని అడగకుండా చేయడం ఆవిడ గొప్పతనం. మెట్ల కింద ఉన్న పనిముట్ల సంచీలోంచి ఒక చేత్తో రంపం, ఇంకో చేత్తో సుత్తి తీసుకుని, వెనక గదికి దారి అదొక్కటే కాబట్టి, సరిగ్గా పేషెంటు కుర్చీ ముందునుంచే నడిచింది. దారిలో అనౌన్సరు వైపు తిరిగి ఎప్పటిలాగే ప్రేమగా, "అయిపోతుందండీ, ఇంకెంతసేపు" అంది.

అనౌన్సరు కుర్చీలోంచి లేచిన వేగం ఏ రైలుకీ లేదు. మెడకు కట్టిన ప్లాస్టిక్ గుడ్డతో సహా బయట హాల్లోకి వచ్చిపడ్డాడు. అక్కడ నలుగురు పేషెంట్లు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వాళ్ళను హెచ్చరించకుండా పోవడానికి ఆయనకు మనసొప్పలేదు. జనాన్ని అప్రమత్తం చేయడం ఆయన వృత్తిధర్మం.

"లంహం!" అన్నాడు. దవడ మొద్దుబారి మాట ముద్దగా వచ్చింది. "లంహం తెచ్చింది!"

"లంఖణమా?" అంది చెంప పట్టుకుని కూర్చున్న ఒక పెద్దావిడ. "పొద్దున్నుంచి ఏమీ తినకుండా రావాల్సిందా? నేను తినేసే వచ్చానే!"

అనౌన్సరు కాదన్నట్టు తలూపి, ఒక చేత్తో తన దవడ పట్టుకుని, రెండో చేత్తో దాని మీద అటూ ఇటూ కోస్తున్నట్టు చూపించాడు. తర్వాత పిడికిలి బిగించి నాలుగుసార్లు దెబ్బలేశాడు. సరిగ్గా అప్పుడే వెనక గదిలోంచి ఇనుము మీద రంపం ఆడుతున్న చప్పుడు కర్ర్ర్ మని వినిపించింది. ఆ పైన ఎవరికీ వివరణ అవసరం లేకపోయింది. పెద్దావిడ పంటినొప్పి అక్కడికక్కడే తగ్గింది.

కాసేపటికి డాక్టరు రంపం పట్టుకునే, చెమట తుడుచుకుంటూ ఇవతలికి వచ్చాడు. గూడు సగం తెగింది, సగం మొండికేసింది. ముందు పంటి పని చూసేద్దామనుకున్నాడు. కుర్చీ ఖాళీగా ఉంది. పేషెంటు బాత్రూంకి వెళ్ళి ఉంటాడనుకుని, ఆ తలుపు ముందు నిలబడి మెత్తగా, "మొద్దుబారిందాండీ? తొందరేం లేదు. నేనూ అక్కడ కోస్తూనే ఉన్నాను" అన్నాడు. లోపలినుంచి జవాబు లేదు. "సిగ్గుపడకండి. చాలామంది నోట్లోంచి మాట రాదు" అని కూడా అన్నాడు.

"అందులో ఎవరూ లేరు సార్" అంది వెనకనుంచి నర్సమ్మ. "బయట కూడా ఎవరూ లేరు. అందరూ పోయారు."

"పోవడమేంటి? ఎక్కడికి?"

"మీ పేషెంటు ముందు, మిగతావాళ్ళు వెనకాల. పరుగుమీద వెళ్ళారు, నేను అడగలేదు."

పరుగుమీద వెళ్ళినవాళ్ళు వీధి మలుపు దాకా వెళ్ళి, అక్కడ కనిపించిన మొదటి లాయరు బోర్డు చూసి లోపలికి దూరారు. ఆ లాయరు ఎవరో వేరే చెప్పక్కర్లేదు. అనౌన్సరు ఊరికి కొత్త కాబట్టి ఆయనకు తెలియదు, వెంట వచ్చినవాళ్ళకు ఆ కంగారులో తట్టలేదు.

లాయరమ్మ కాగితాలు పక్కన పెట్టి, మెడలో ప్లాస్టిక్ గుడ్డతో నిలబడ్డ మనిషిని చూసి, "కూర్చోండి. ఎవరి మీద ఫిర్యాదు?" అంది.

"హళ్ళ డాక్తల్" అన్నాడు అనౌన్సరు.

"పళ్ళ డాక్టరండీ" అని సర్ది, దారిలో ఆయన సైగలతో చెప్పినదంతా పెద్దావిడ వల్లించింది. "ఈ వీధి చివర ఉన్నాయనే. పాపం ఈయన ముందు పళ్ళు బాగున్నా సరే రంపంతో కోసి, సుత్తితో కొట్టి, కరెంటు పెట్టబోయాడు. మేమంతా సాక్షులం. చప్పుడు మా చెవులారా విన్నాం."

లాయరమ్మ పెన్ను మూత నెమ్మదిగా పెట్టింది. "ఆ డాక్టరు సంగతి నాకు కొంచెం తెలుసు. కోర్టుకు వెళ్ళేముందు అవతలి పక్షం ఏమంటుందో వినడం పద్ధతి" అని, ఫోన్ తీసి, అందరికీ వినపడేలా స్పీకర్ నొక్కింది.

"ఏమండీ, క్లినిక్‌లో ఇవాళ ఏం జరుగుతోంది?"

ఫోన్‌కి అటువైపున్న డాక్టరు చేతిలోని రంపాన్ని గబుక్కున బల్ల కింద దాచాడు. ఇంత తొందరగా ఎలా తెలిసింది? షాపతను చెప్పేశాడా? భార్య గొంతులో ఆ మర్యాద ఉంటే ఇక దాచి ప్రయోజనం లేదని అతనికి పెళ్ళైన కొత్తలోనే అర్థమైంది.

"నేనే సాయంత్రం చెబుదామనుకున్నాను" అన్నాడు. "ముందే చెబితే ఒప్పుకోవని చెప్పలేదు. పాతది పీకి పక్కన పెట్టాను, ఎక్కడికీ పోలేదు. ఇంకా గట్టిగానే ఉంది. ఎవరికైనా అమ్మేద్దామనుకున్నాను."

అనౌన్సరు రెండు చేతులతో నోరు మూసుకుని, వేళ్ళతో లోపల పళ్ళు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాడు.

"అమ్మడమేంటి? ఎవరు కొంటారు?"

"కొనేవాళ్ళు బోలెడుమంది. కొత్తది కొనలేని పిల్లలు ఇలాంటివే పెట్టుకుంటారు. కడిగి... అంటే, దుమ్ము దులిపి ఇస్తే సరి."

"అయ్యో పిల్లలు!" అంది పెద్దావిడ.

లాయరమ్మ కళ్ళు చిట్లించింది. "దుమ్మా? ఏమండీ, మీరు దేని గురించి మాట్లాడుతున్నారు?"

"కార్డు గురించే. గ్రాఫిక్స్ కార్డు."

"ఏ గ్రాఫిక్స్ కార్డు?"

తనను ఎవరూ పట్టుకోకముందే తనంతట తానే ఒప్పేసుకున్నానని డాక్టరుకి అప్పుడు అర్థమైంది.

"అక్కడే ఉండండి. ఏదీ ముట్టుకోకండి. వస్తున్నాం" అంది లాయరమ్మ.

"వస్తున్నామంటే? ఎవరెవరు?" అని అతను అడిగేలోపే ఫోన్ పెట్టేసింది.

వచ్చింది ఊరేగింపే. ముందు లాయరమ్మ, పక్కన అనౌన్సరు, వెనక సాక్షులు. డాక్టరు వాళ్ళందరినీ వెనక గదిలోకి తీసుకెళ్ళి, సగం కోసిన ఇనప గూడు, పీకిన పాత కార్డు, పట్టని కొత్త కార్డు ఒక్కొక్కటే చూపించాడు. అనౌన్సరు ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. సగం మొద్దుబారిన మూతితోనే నవ్వేశాడు. ఆ నవ్వు ఒకవైపుకే వచ్చింది. డాక్టరు చేతులు జోడించి, "మిమ్మల్ని కుర్చీలో వదిలేసి పోవడం నాదే తప్పు. మీ పన్ను ఈరోజే బాగుచేస్తాను, ఫీజు అక్కర్లేదు" అన్నాడు. అనౌన్సరు గుడ్డ విప్పకుండా, ఆలోచించుకుంటానన్నట్టు తలూపాడు.

లాయరమ్మ నవ్వలేదు. కుర్చీ లాక్కుని కంప్యూటర్ ఎదురుగా కూర్చుంది. "ఇది నా నుంచి దాచి ఎందుకు కొన్నారు?"

డాక్టరు చెప్పాడు. కూతురు "చూద్దాం" అన్న సంగతీ దాచలేదు. "అది ఆ గంటసేపే నాతో మాట్లాడుతుంది. ఆ తలుపు దగ్గర కాపలా పోతే ఇక నాకు మిగిలేది 'తిన్నాను, బాగానే ఉన్నాను' అన్న మాటలే" అన్నాడు.

పెద్దావిడ కొంగుతో ముక్కు తుడుచుకుంది. లాయరమ్మ కాసేపు పాత కార్డును చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"సరే. దీని నేరమేంటి?"

"నెమ్మదించింది. ముసలిదైపోయింది."

"ఎప్పటినుంచి?"

"రెండు నెలలుగా."

"అంతకుముందు?"

"అంతకుముందు బాగానే ఉండేది."

"ముసలితనం ఒక్కరోజులో రాదు కదా? రెండు నెలల కిందట ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు" అన్నాడు డాక్టరు. నర్సమ్మ మాత్రం గోడకేసి చూసి, "గోడలకు రంగులేయించాం కదా సార్. మిషన్లన్నీ తీగలు పీకి హాల్లో పెట్టాం. మీరే మళ్ళీ కలిపారు" అంది.

లాయరమ్మ కంప్యూటర్ వెనక్కి వంగి చూసింది. ఆవిడకు కంప్యూటర్ల గురించి తెలిసింది తక్కువ. ఏది దేనికి తగిలించారో అడగడం మాత్రం బాగా తెలుసు.

"బొమ్మలు గీసేది ఎవరు?"

"కార్డు."

"గీసిన బొమ్మలు తెరకు ఎలా వెళతాయి?"

"ఈ తీగలోంచి."

"ఇవాళ పొద్దున కార్డు పీకారు. పీకేముందు, కార్డుకున్న ఈ తీగ తీశారా?"

"అక్కర్లేదు. తీగ కార్డుకు లేదు. దానిపైన వేరే చోట..." అంటూ డాక్టరు తీగ వెంట వేలితో వెళ్ళి, అది గుచ్చి ఉన్నచోట ఆగాడు. వేలు అక్కడే ఉండిపోయింది. నోరు పేషెంటు నోరులా తెరుచుకుంది.

"కార్డు ఇక్కడ. తీగ అక్కడ" అంది లాయరమ్మ. "అంటే రెండు నెలలుగా ఈ కార్డు చేత ఎవరూ పనే చేయించలేదు. మరి తెరకు బొమ్మలు ఎవరిచ్చారు?"

"ప్రాసెసర్లో ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది" అన్నాడు డాక్టరు నీరసంగా. "లెక్కలూ ఉత్తరాలూ చూసుకోవడానికి సరిపోతుంది. దానితోనే యుద్ధం చేస్తున్నాను."

"పాపం అదెంత కష్టపడిందో" అంది లాయరమ్మ. పాత కార్డును భర్త చేతిలో పెట్టింది. "దీని మీద నేరం రుజువు కాలేదు. విడుదల చేయండి."

డాక్టరు పాతదాన్ని మళ్ళీ గాడిలో కూర్చోబెట్టి, ఈసారి తీగను దానికే గుచ్చాడు. కంప్యూటర్ వెలిగింది. సెట్టింగుల్లోకి వెళ్ళి చూస్తే తెర వేగం కూడా అరవై దగ్గర కునుకు తీస్తోంది. దాన్ని నూట నలభై నాలుగుకు మార్చి మౌస్ కదిపాడు. బాణం గుర్తు తెరమీద నీళ్ళలో చేపపిల్లలా జారిపోయింది. అతనికి ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. లాయరమ్మ అక్కడినుంచే షాపతనికి ఫోన్ చేసి, తనెవరో చెప్పి, పట్టని వస్తువును కొలత అడగకుండా ఎందుకు అమ్మావని ఒక్క ప్రశ్న వేసింది. అతను జవాబు వెతుక్కోకుండా, సాయంత్రం మనిషిని పంపి కార్డు వెనక్కి తీసుకుంటానన్నాడు.

ఆ తర్వాత క్లినిక్ మామూలుగా నడిచింది. సాక్షులందరూ తమ వరసలో కూర్చున్నారు. పెద్దావిడకు పంటినొప్పి తిరిగి వచ్చింది. అనౌన్సరు, లాయరమ్మ పక్కనే నిలబడాలని, ఫోన్ వేరే గదిలో ఉండాలని షరతు పెట్టి, అందరికంటే చివర కుర్చీ ఎక్కాడు. మళ్ళీ ఇంజెక్షన్ ఇచ్చి పన్ను బాగుచేసేసరికి ఐదు కావస్తోంది. "దూది కాసేపు అలాగే ఉంచుకోండి, ఇక్కడే కూర్చోండి" అని డాక్టరు ఆయన్ని వెనక గదిలో ఒక కుర్చీలో కూర్చోబెట్టి, తను హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు.

"నాన్నా, వచ్చావా?" అంది సుడిగాలి.

"వచ్చాను. తిన్నావా?"

"యుద్ధం మొదలవుతోంది నాన్నా!"

"తిని యుద్ధం చేయమ్మా."

తలుపు కదిలింది. మొదటిసారిగా డాక్టరు దాన్ని కదులుతుండగానే చూశాడు. కాల్చాడు. శత్రువు కూలిపోయాడు. ఇంకొకడు కిటికీలోంచి వచ్చాడు, వాడూ కూలాడు. పక్కనుంచి చూస్తున్న అనౌన్సరుకి ఉత్సాహం ఆగలేదు. అలవాటైన నిండు గొంతు, సగం తిమ్మిరితో, సగం దూదితో, దానంతట అదే బయటికొచ్చింది.

"దయచేహి గమనించగలరు. ఎడమవైహు మెట్ల మీదుగా ఇద్దలు హత్రువులు మరికొద్ది క్షణాల్లో రానున్నారు."

వాళ్ళు సరిగ్గా అటునుంచే వచ్చారు. పిప్పిపన్ను సిద్ధంగా ఉన్నాడు.

"వెనక దాలిలో రావలసిన హత్రువు, ఆలస్యంగా నడుహ్తున్నాడు."

హెడ్‌ఫోన్లలో సుడిగాలి జట్టంతా పగలబడి నవ్వుతోంది. నవ్వుతూనే వాళ్ళు అవతలి కోటలో దూరి జెండా లాక్కొచ్చేశారు. ఆట ముగిసింది.

"నాన్నా! ఏం చేశావ్? కొత్త కార్డు కొన్నావా?"

ఔనని చెబితే ఎంత గొప్పగా ఉంటుందో డాక్టరుకి తెలుసు. కానీ వెనక లాయరు నిలబడి ఉంది. "లేదమ్మా. పాతదే. తీగ తప్పు చోట గుచ్చాను. మీ అమ్మ పట్టుకుంది" అన్నాడు.

కూతురు కాసేపు నవ్వి, తర్వాత గొంతు తగ్గించింది. "నువ్వే జట్టులో ఉంటావ్ నాన్నా. ఆ అబ్బాయి బాగానే ఆడతాడు గానీ, నేను ఏం తిన్నానో, ఎలా ఉన్నానో ఒక్కసారి కూడా అడగడు. నాకు బోరు కొట్టేసింది. ఇంతకీ పక్కన మాట్లాడిందెవరు? ఆయన్ని కూడా పోటీకి తీసుకురా. ప్లీజ్."

అనౌన్సరు దూది సర్దుకుని, తన డ్యూటీ లేని రోజులేవో వెంటనే చెప్పేశాడు.

డాక్టరు హెడ్‌ఫోన్లు తీసి కళ్ళు తుడుచుకుంటుంటే, లాయరమ్మ అతని భుజం మీద చెయ్యి వేసింది. వేసిన చెయ్యితోనే అతన్ని కుర్చీలోంచి మెల్లగా లేపింది.

"ఏదీ, జరగండి. అంత గొడవపెట్టిన ఆట ఏంటో నేనూ చూస్తాను. ఒక్కసారి."

కూర్చుంది. తుపాకీ పట్టుకుంది. ఏ మీట దేనికో అడిగేలోపే తలుపు తెరుచుకుంది, ఆవిడ చచ్చిపోయింది.

"ఇది చెల్లదు" అంది లాయరమ్మ, తెరమీంచి చూపు తిప్పకుండా. "నేనింకా వాదన మొదలుపెట్టలేదు. మళ్ళీ పెట్టండి."

ఆ రాత్రి వంట సంగతి నిరవధికంగా వాయిదా పడింది.